బోలు పోగు: పొందూరులో ఒక వేసవి

మే 3

సోడియం ఆల్జినేట్ 4 గ్రాములు తూచి, 200 మిల్లీలీటర్ల నీళ్లలో పోసి మిక్సీలో తిప్పాను. పలుచటి తేనెలా జారాలి. జార్ మూత తీస్తే ఉడికీ ఉడకని సగ్గుబియ్యంలా గడ్డలు గడ్డలుగా ఉంది. ఇంకో పది నిమిషాలు తిప్పాను. గడ్డలు చిన్నవయ్యాయి గానీ కరగలేదు. పైగా నురగ. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున చూద్దామని వదిలేశాను.

ఈ డైరీ ఎందుకో ఒక మాట రాసుకోవాలి. నేను బయోఇంజనీరింగ్ మూడో సంవత్సరం పూర్తి చేశాను. ఫైనలియర్ ప్రాజెక్టు ఏమిటో జూలైలో చెప్పాలి. నాకు ఇష్టమైన పని వడపోత పొరలు, అంటే ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కొన్నిటిని పోనిచ్చి కొన్నిటిని ఆపే పదార్థాలు. కవిటి దగ్గర ఉండే మామయ్య రెండేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడు. ఆయన రక్తాన్ని కడిగే ఫిల్టర్ లోపల ఉండేది సన్నటి బోలు పోగుల కట్ట. అలాంటి బోలు పోగు ఒక్కటి, ఎంత లావుదైనా సరే, నా చేత్తో ఈ ఇంట్లో తీయగలనా అన్నది ఈ వేసవి పని. ఇల్లంటే శ్రీకాకుళం జిల్లా పొందూరులో అమ్మమ్మ ఇల్లు. ఆమె రాట్నం మీద నూలు పోగు తీయడం మొదలుపెట్టి అరవై ఏళ్లు దాటింది.

మే 4

గడ్డలు అలాగే ఉన్నాయి. కారణం దొరికింది. బోరు నీళ్లు.

ఆల్జినేట్ గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీస్తారు. సోడియంతో ఉన్నంతసేపు నీళ్లలో కరిగి ఉంటుంది. కాల్షియం తగలగానే గట్టిపడి జెల్ అవుతుంది. మన బోరు నీళ్లలో కాల్షియం బాగానే ఉంది, నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకున్న తెల్లటి పెచ్చే సాక్ష్యం. నేను పోగు తీసేటప్పుడు జరగాల్సింది మిక్సీ జార్‌లోనే జరిగిపోయింది. బ్యాటరీ షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెచ్చాను. ఈసారి పొడిని ఒకేసారి పోయకుండా, ఉప్మా రవ్వ పోసినట్టు చిటికెడు చిటికెడు చల్లుతూ గరిటెతో తిప్పాను. గంట పట్టింది. గడ్డ ఒక్కటి లేదు.

ఇది అమ్మమ్మకు ఎలా చెప్పాలో తోచక వాకిట్లోకి వెళ్లి ముగ్గుపిండితో వేసి చూపించాను. వరసగా చుక్కలు పెట్టి, రెండు మెలికల గీతలు ఆ చుక్కల చుట్టూ తిప్పాను. గీతలు ఆల్జినేట్ గొలుసులు, చుక్కలు కాల్షియం. చుక్క లేకపోతే రెండు గీతలూ ఎవరి దారిన వాళ్లు పోతాయి. చుక్కలు పడితే గీతలు వాటిని మధ్యలో బిగించి పట్టుకుని విడిపోవు. పాఠాల్లో దీన్ని కోడిగుడ్ల అట్టపెట్టెతో పోలుస్తారు, గుంటల్లో గుడ్లు కూర్చున్నట్టు కాల్షియం కూర్చుంటుందని. నాకు మాత్రం చుక్కల ముగ్గే సరిగ్గా సరిపోయిందనిపిస్తోంది, ఎందుకంటే ముగ్గులో గీత ఆగకుండా నడుస్తుంది, గొలుసు కూడా అంతే. అమ్మమ్మ చూసి, "మరి సుక్క సెరిపేస్తే ఇడిపోద్దా?" అని అడిగింది. విడిపోతుంది. ఆ ప్రశ్న నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాను.

మే 7

శ్రీకాకుళం వెళ్లి సామాను తెచ్చుకున్నాను. సర్జికల్ షాపులో 18 గేజ్ సూదులు, 25 గేజ్ స్పైనల్ సూది (వెన్నులో మత్తు ఇచ్చేది, మూడున్నర అంగుళాల పొడవు), 10 మి.లీ., 5 మి.లీ. సిరంజీలు. అక్వేరియం సామాను అమ్మే దగ్గర గాలి గొట్టానికి వాడే టీ ఆకారపు ముక్క. ఒక ఎం-సీల్.

బోలు పోగు తీయాలంటే సూదిలో సూది ఉండాలి. 18 గేజ్ సూది లోపలి బోలు 0.84 మిల్లీమీటర్లు. 25 గేజ్ సూది బయటి మందం 0.51. రెండోది మొదటిదాంట్లో దూరిపోతుంది, చుట్టూ సన్నటి సందు మిగులుతుంది. ఆ సందులోంచి ఆల్జినేట్, మధ్య సూదిలోంచి కాల్షియం క్లోరైడ్ నీళ్లు. రెండూ ఒకేసారి కాల్షియం క్లోరైడ్ తొట్టిలోకి దిగితే, గోడ లోపలి నుంచీ బయటి నుంచీ గట్టిపడి మధ్యలో బోలు మిగలాలి. టీ ముక్కలో స్పైనల్ సూదిని నిటారుగా దూర్చి, పక్క గొట్టం నుంచి ఆల్జినేట్ వచ్చేలా పెట్టి, సందులన్నీ ఎం-సీల్‌తో మూశాను. లోపలి సూది సరిగ్గా నడిమధ్య కూర్చోవాలి. ఒక పక్కకి ఒరిగితే గోడ ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా వస్తుంది. మధ్యకి తేవడానికి సాయంత్రం అంతా పట్టింది.

మే 8

రెండు చేతులతో రెండు సిరంజీలు నొక్కాను. లాభం లేదు. ఒక చోట బొడిపె, ఒక చోట వెంట్రుకంత సన్నం, ఒక చోట బోలు పగిలి బుడగ. సూది మొన నీళ్లకి పైన ఉంటే పోగే రాదు, ముత్యాల్లా బొట్లు పడతాయి. నీళ్లలో ముంచి ఆపితే మొన దగ్గరే జెల్ కట్టి సూది మూసుకుపోతుంది. నాలుగుసార్లు మూసుకుపోయింది.

మూసుకున్న సూదిని బాగుచేసే దారి మాత్రం దొరికింది, అది అమ్మమ్మ ప్రశ్నలోనే ఉంది: చుక్క చెరిపేయడం. నిమ్మ ఉప్పు నీళ్లలో తినే సోడా కొంచెం కొంచెం వేస్తే బుసబుస పొంగుతుంది. పొంగు ఆగాక మిగిలేది సోడియం సిట్రేట్. అది కాల్షియాన్ని లాగేసుకుంటుంది. సూదిని పావుగంట అందులో ముంచితే లోపలి జెల్ కరిగి శుభ్రంగా వచ్చేసింది. వంటింట్లో వస్తువులతో ఇది కుదిరినందుకు చాలా సంతోషంగా ఉంది.

తొట్టిలోకి వంగి చూసి అమ్మమ్మ, "ఒలమ్మ, ఇదేటే, సేమియానాగున్నాది" అంది. తర్వాత ఒక పోగు వేళ్ల మధ్య పట్టుకుని పొడవునా జార్చి చూసింది. "సెయ్యి నిలకడ నేదు నీకు. రేపు రాట్నం కాడ కూకో."

మే 10

నిన్నా ఇవాళా రాట్నం దగ్గరే.

చిన్నప్పటి నుంచి సెలవుల్లో వడుకుతూనే ఉన్నాను. కాలేజీ హాస్టల్లో కూడా బొమ్మలు వేసుకోవడం, అప్పుడప్పుడు చేతి తకిలీ తిప్పడం నా మనసు కుదుటపరిచే పనులు. కానీ ఇంతవరకు వడకడాన్ని ఒక కొలత ఉన్న పనిగా చూడలేదు. ఈ రెండు రోజులు అలా చూశాను.

పొందూరు నూలు రాట్నం దగ్గర మొదలవదు. అమ్మమ్మ ముందు గింజపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతుంది. ఆ ఎముకకు సూదుల్లాంటి సన్నటి పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. పత్తిలోని నలుసులు, పొట్టి పోగులు దానికి చిక్కుకుని, పొడుగాటి పోగులు ఒకే దిక్కుకి తిరుగుతాయి. తర్వాత చెక్క పలక మీద పత్తి పెట్టి ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ అటు, దూది ఇటు. ఆ దూదిని చిన్న విల్లుతో ఏకి, ఏకులుగా చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాస్తుంది. గాలికి, చెమట చేతికి ఏకు పాడవకుండా. ఇన్ని పనులయ్యాకే రాట్నం. ఈ పనిలో ప్రతి మెట్టూ చేసేది ఒకటే: పోగులన్నిటినీ ఒకే దిక్కుకి తిప్పి, ఒకే తీరుగా ఉంచడం. నేనేమో మెట్లన్నీ దాటేసి నేరుగా సూది పట్టుకున్నాను. ఆల్జినేట్‌లో గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా ఆగలేదు కూడా. బుడగ ఉన్నచోటే పోగు తెగింది.

నేను వడికితే మూర కాకముందే తెగుతోంది. ఎడమ చెయ్యి వెనక్కి పోయే వేగం, చక్రం వేగం కలవడం లేదు. చెయ్యి ముందు పోతే పోగు పలచబడి తెగుతుంది. వెనకబడితే పురి ఎక్కువై ముడతలు పడుతుంది. అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుని తనే కదిపింది. "లాగొద్దే గుంటా. అది ఒస్తాది. నువ్వు దాని ఎంట నడు."

నా సూది విషయంలో కూడా ఇదే జరిగింది. ఆల్జినేట్ సూదిలోంచి ఎంత వేగంగా వస్తోందో, తొట్టిలో పోగును నేను అంతే వేగంతో తీసుకోవాలి. నేను నిన్నటిదాకా పోగును లాగుతున్నాను. రాత్రి లెక్క వేశాను. నిమిషానికి 0.5 మి.లీ. ఆల్జినేట్ పంపితే, ఆ సందు వైశాల్యం 0.35 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి, పోగు నిమిషానికి సుమారు 1.4 మీటర్లు నడుస్తుంది. సెకనుకి రెండున్నర సెంటీమీటర్లు కూడా కాదు. చీమ నడక.

మే 13

పంపు. చేతులతో నొక్కడం మానేసి మోటారు పెట్టాను. చెక్క ముక్క మీద థ్రెడ్ రాడ్, దాని మీద ముందుకి జరిగే పలక, ఆ పలక సిరంజీని నొక్కుతుంది. ఆర్డునోకి (మోటారుని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు) తగిలించిన చిన్న స్టెప్పర్ మోటారు మొదటి నిమిషంలోనే మొరాయించింది, చిక్కటి ఆల్జినేట్‌ని తోసే బలం దానికి లేదు. సీనియర్ ఒకరి దగ్గర ఇంకా బలమైన నెమా-17 మోటారు అడిగి తెప్పించుకున్నాను. ఆల్జినేట్‌ని కూడా 2 శాతం నుంచి 1.5 శాతానికి పలచన చేశాను.

ఇందులో నాకు బాగా నచ్చిన భాగం ఒకటి ఉంది. ఆల్జినేట్ 0.5 మి.లీ. పోతుంటే, మధ్యలో బోలు నింపడానికి కాల్షియం నీళ్లు దాదాపు 0.3 మి.లీ. కావాలి. అంటే రెండు వేగాలు, రెండు మోటార్లు. కానీ 10 మి.లీ. సిరంజీ కంటే 5 మి.లీ. సిరంజీ సన్నం. ఒకే పలక రెండిటినీ కలిపి నొక్కితే, సన్నదాంట్లోంచి తక్కువ వస్తుంది. కొలిస్తే నిష్పత్తి 0.63. నాకు కావాల్సినదానికి చాలా దగ్గర. ఒక్క మోటారుతో పని అయిపోయింది.

రాడ్ ఒక చుట్టుకి 0.8 మిల్లీమీటర్లు జరుగుతుంది. నిమిషానికి మూడున్నర చుట్లు తిప్పితే లెక్క సరిపోతుంది. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు లేదు.

మే 16

వచ్చింది.

తొట్టిలో సగం మునిగేలా నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క పెట్టాం. దాన్ని అమ్మమ్మ తిప్పింది, నిమిషానికి నాలుగు చుట్లు. లెక్క నేను చెప్పాను గానీ రెండో నిమిషం నుంచి ఆమె లెక్క వినలేదు. పోగు వదులైతే కొంచెం తొందరగా, బిగుసుకుంటే కొంచెం నెమ్మదిగా, చూపు పోగు మీదే. ఆరు నిమిషాల్లో ఎనిమిది మీటర్లు, ఒక్కచోట కూడా తెగలేదు.

అడుగు పొడవు ముక్క కత్తిరించి, ఇన్సులిన్ సిరంజీతో ఒక కొసలో ఎర్ర రంగు నీళ్లు ఎక్కించాను. ఎర్రటి గీత పోగు లోపల పాకుతూ అవతలి కొస దాకా వెళ్లి చుక్కగా బయటికి వచ్చింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

ఫోల్డ్‌స్కోప్‌లో అడ్డకోత చూశాను. కాగితంతో మడిచే ఈ మైక్రోస్కోప్ స్టాన్‌ఫోర్డ్ శాస్త్రవేత్త మను ప్రకాశ్ గారి బృందం తయారుచేసింది, 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. పోగు బయటి మందం 0.8 మి.మీ., బోలు దాదాపు అర మిల్లీమీటరు. గోడ ఒకవైపు కొంచెం మందం, లోపలి సూది ఇంకా కాస్త ఒరిగే ఉంది. వాటర్ కలర్లో బొమ్మ వేసుకున్నాను, పక్కనే అమ్మమ్మ నూలు పోగు కూడా అదే కొలతకు. నూలు పోగులోని ఒక్కొక్క దూది వెంట్రుక మెలికలు తిరిగిన రిబ్బన్‌లా ఉంటుంది. బొమ్మలో వాటి నీడలు పట్టుకోవడానికి రెండు గంటలు కూర్చున్నాను. ఈ డైరీలో ఇప్పటికి పదకొండు బొమ్మలు. చేత్తో గీస్తేనే గోడ మందంలో తేడా నాకు కళ్లకి తెలుస్తోంది, ఫొటోలో తప్పిపోతోంది.

మే 20

పొందూరు నుంచి రైల్లో సోంపేట, అక్కడి నుంచి ఆటోలో మామయ్య ఊరు. మామయ్య వాళ్ల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు, ఆ దారంతా ఒకప్పుడు కొబ్బరి చెట్లు ఆకాశాన్ని కప్పేసి ఉండేవి. 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను కొట్టాక మామయ్య తోటలో సగం నేలకూలాయి. కొత్త మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. జీడితోటల్లో చివరి కోత అయిపోయింది.

ఇక్కడ ప్రతి వీధిలో ఒక కిడ్నీ కథ ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం, ఈ మండలాల పేర్లు మా పాఠాల్లో కూడా వస్తాయి. నీళ్లా, ఎండలో చెమటోడ్చే పనా, మందులా, ఇంకేదైనానా, ఎన్నో ఏళ్లుగా పరిశోధిస్తున్నా ఫలానా కారణం అని తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. పలాసలో 2023 డిసెంబర్లో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. మామయ్యకు మాత్రం వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగేసి గంటలు మంచమే.

నేను ఆయనతో డయాలసిస్ సెంటర్‌కి వెళ్లాను. చేతి మీద ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోటు) దగ్గర రక్తం గిర్రున తిరిగే అదురు నా వేలికి తగిలింది. టెక్నీషియన్ అన్న ఓపికగా అన్నీ చెప్పాడు. రక్తం నిమిషానికి 300 మి.లీ. దాకా ఒక దిక్కు నుంచి పోగుల లోపల నడుస్తుంది. శుభ్రం చేసే ద్రవం నిమిషానికి 500 మి.లీ. ఎదురు దిక్కు నుంచి పోగుల బయట నడుస్తుంది. ఎదురెదురుగా ఎందుకంటే, రక్తం ఎంత ముందుకి పోయినా ప్రతి అంగుళంలో తనకంటే శుభ్రమైన ద్రవమే పక్కన తగలాలి, అప్పుడే యూరియా చివరిదాకా బయటికి పోతూ ఉంటుంది. యూరియా అణువు బరువు 60, ఆల్బుమిన్ ప్రోటీన్ బరువు 66 వేలు. పోగు గోడలోని రంధ్రాలు మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని ఆపుతాయి. నాలుగు గంటల్లో 120 లీటర్ల ద్రవం ఖర్చవుతుంది. చదివిందే, కానీ మామయ్య మంచం పక్కన నిలబడి వింటే వేరేగా ఉంది.

గడువు దాటి వాడకుండా పక్కన పెట్టిన కొత్త ఫిల్టర్ ఒకటి ఉంటే, అడిగి తెచ్చుకున్నాను.

మామయ్య అడిగాడు: "అమ్మలూ, నువ్ తీసిన పోగు రత్తంలో ఎన్నాళ్లుంటాది? రత్తం ఉప్పన కదా." నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను.

మే 22

ఫిల్టర్‌ను రంపంతో కోసి పరిచాను. తెల్లటి పోగుల కట్ట, జుట్టు కంటే లావు, పట్టులాగా జారిపోతోంది. పది వేల పై చిలుకు పోగులు, ఒక్కోటి జానెడు పొడవు. లోపలి బోలు 0.2 మిల్లీమీటర్లు. మొత్తం కొసకి కొస కలిపితే రెండున్నర కిలోమీటర్లు, లోపలి గోడలన్నీ పరిస్తే ఒకటిన్నర చదరపు మీటర్లు. నూలు చిలపకు వెయ్యి మీటర్లు లెక్కన రెండున్నర చిలపలు అని అమ్మమ్మకు చెప్పాను.

ఆమె ఒక పోగు తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య దొర్లించింది. ఇటు దొర్లించింది, అటు దొర్లించింది. "దీనికి పురి నేదేటే?"

లేదు. పురి ఉంటే బోలు మూసుకుపోతుంది. మన నూలుకు బలం పురిలో ఉంది, దీనికి గోడలో ఉంది. ఆమె చాలాసేపు దాన్ని వదల్లేదు. "నా కొడుకు ఒంట్లో నెత్తురు దీంట్లోంచా పోతాది" అంది. కంట నీరు పెట్టలేదు. పోగును తడిగుడ్డతో తుడిచి, ఏకులు దాచే అరటి దొప్పలో పెట్టింది.

సాయంత్రం ఆమెకు ఇంకో సంగతి చెప్పాను, అది విని ముఖం వెలిగింది. మొదటి డయాలసిస్ మెషిన్ 1943లో నెదర్లాండ్స్‌లో విల్లెమ్ కోల్ఫ్ అనే డాక్టరు తయారుచేశాడు, యుద్ధం నడుస్తుండగా. మాంసం కూరి అమ్మే సెల్లోఫేన్ గొట్టాన్ని పీపా చుట్టూ చుట్టి, దాంట్లో రక్తం నడిపాడు. సెల్లోఫేన్ అంటే కరిగించి మళ్లీ పొరగా తీసిన సెల్యులోజ్. తర్వాత చాలా ఏళ్లపాటు ప్రపంచంలో డయాలసిస్ పొరలను తయారుచేసింది పత్తి నుంచి. గింజ తీశాక దాని మీద మిగిలిపోయే పొట్టి నూగు ఉంటుంది కదా, వడకడానికి పనికిరానిది, దాన్ని రాగి, అమ్మోనియా ద్రావణంలో కరిగించి పొరలుగా, బోలు పోగులుగా తీసేవారు. ఇప్పుడు ఎక్కువగా పాలీసల్ఫోన్ లాంటి ప్లాస్టిక్కులు వాడుతున్నారు. అమ్మమ్మ కడ్డీ కింద నుంచి దొర్లిపోయే గింజను తీసుకుని, దాని మీది నూగును గోటితో గిల్లి చూసుకుంది.

ఫైనలియర్ ప్రాజెక్టులో ఆల్జినేట్‌తో పాటు ఈ నూగు నుంచి సెల్యులోజ్ పొర కూడా పెట్టాలని ఇవాళే అనుకున్నాను. అది ల్యాబ్‌లో చేయాల్సిన పని.

మే 25

వడపోత పరీక్ష. గంజి వార్చి గుడ్డలో వడకట్టి చల్లార్చి, అందులో గ్లూకోజ్ పొడి పదోవంతు కలిపాను. 15 సెంటీమీటర్ల పోగులు అయిదు తీసుకుని, ఇన్సులిన్ సిరంజీతో ఈ గంజి నింపి, రెండు కొసలు కట్టేశాను. ప్లాస్టిక్ దారంతో కడితే జెల్ కోసుకుపోతోంది. అమ్మమ్మ మెత్తటి నూలు రెండు చుట్లు వేసి ముడి వేస్తే ఆగింది. ఒక్కో పోగును ఒక్కో చిన్న సీసాలో, 1 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచాను. అంత తక్కువ నీళ్లు ఎందుకంటే పోగు లోపల పట్టేది 30 మైక్రోలీటర్లే, ఎక్కువ నీళ్లయితే గ్లూకోజ్ పలచబడి స్ట్రిప్‌కి అందదు.

ఇరవై నిమిషాల తర్వాత మూత్రంలో షుగర్ చూసే స్ట్రిప్ ముంచితే రంగు మారింది. గ్లూకోజ్ బయటికి వచ్చేసింది. అప్పుడు బయటి నీళ్లలో బెటాడిన్ ఒక చుక్క. నీళ్లు లేత గోధుమరంగులోనే ఉన్నాయి, పోగు లోపల మాత్రం నెమ్మదిగా నీలం పాకింది. అంటే అయోడిన్ లోపలికి పోయింది, గంజిలోని పిండి అణువులు పెద్దవి కాబట్టి బయటికి రాలేదు. అయిదులో నాలుగు ఇలా. ఒకదానిలో ముడి దగ్గర కారి నీళ్లన్నీ నీలమయ్యాయి.

ఒక్క విషయం స్పష్టంగా రాసుకోవాలి. గంజిని ఆపింది కదా అని ఇది రక్తంలో ప్రోటీన్‌ను ఆపుతుందని కాదు. ఆల్జినేట్ జెల్ రంధ్రాలు పెద్దవి, ఆల్బుమిన్ లాంటిది మెల్లగా జారిపోతుంది.

మే 28

మామయ్య ప్రశ్నకు సమాధానం. సెలైన్‌లో, అంటే 0.9 శాతం ఉప్పు నీళ్లలో, మూడు పోగులు రాత్రి వేశాను. పొద్దుటికి 0.8 మి.మీ. పోగు 1.1 అయింది, ఉబ్బిపోయి పారదర్శకంగా ఉంది. ఫోర్సెప్స్‌తో ఎత్తగానే తెగింది. మూడూ అంతే.

ఉప్పులోని సోడియం వచ్చి కాల్షియాన్ని పక్కకి తోసి ఆ చోట్లో తను కూర్చుంటోంది. సోడియం రెండు గొలుసులను కలిపి పట్టలేదు. వాకిట్లో ముగ్గు చుక్కలు ఒక్కొక్కటే చెరిగిపోవడమే ఇది. మామయ్యకు ఫోన్ చేసి చెప్పాను. "నేనన్నాను కదా" అని నవ్వాడు. ఆయన అడగకపోతే ఈ పరీక్ష నాకు తట్టేది కాదు, ఇంత రాసుకున్నా ఉప్పు సంగతి మరిచాను. ప్రాజెక్టు రిపోర్టులో ఈ ప్రశ్న ఆయన పేరుతోనే ఉంటుంది.

జూన్ 1

మామయ్య అరుగు మీద వీధి పిల్లలు పద్నాలుగు మంది. స్కూళ్లు ఇంకా తెరవలేదు. గంజి పోగు, బెటాడిన్ పరీక్ష చేసి చూపించాను. ముందు అరుగు మీద చుక్కల ముగ్గు వేయించాను, ఆడపిల్లలు నాకంటే వేగంగా వేశారు. ఒక పిల్లాడు ముగ్గులో చుక్కలు చెరిపి, "ఇప్పుడు పోగు తెగిపోద్ది" అన్నాడు. వాళ్ల నాన్న కూడా మామయ్య వెళ్లే సెంటర్‌కే వెళ్తాడట. వాడు వెళ్లేటప్పుడు నీలం పోగు ఉన్న సీసా అడిగి పట్టుకెళ్లాడు, నాన్నకి చూపిస్తానని. మామయ్య ఆ సాయంత్రం కొబ్బరి బొండం కొట్టి మా అందరికీ పంచాడు. ఆయన మాత్రం తాగలేదు, పొటాషియం కదా.

జూన్ 4

ఉప్పు నీళ్లలో పోగు నిలవాలంటే పైన పూత వేసి చూడాలి. దానికి కైటోసాన్. రొయ్యల పెంకుల నుంచి వస్తుంది. అత్త పంపిన రొయ్యలు ఒలిచాక పెంకులు ఎండబెట్టి వెనిగర్‌లో వేస్తే బుడగలు లేచి, రెండు రోజుల్లో మెత్తటి పొరల్లా అయ్యాయి. సున్నం పోయింది. తర్వాతి మెట్లకు వేడి కాస్టిక్ సోడా గాఢంగా కావాలి, ఇంట్లో చేయడం ప్రమాదం, చేయను. కొన్న కైటోసాన్ పొడి 1 శాతం, పలచన చేసిన వెనిగర్‌లో రాత్రంతా కలిపి కరిగించాను. ఆల్జినేట్‌కు రుణావేశం, కైటోసాన్‌కు ధనావేశం. పోగును పది నిమిషాలు ముంచితే పైన గట్టి పొర కడుతుంది. 36 నుంచి 41 నంబరు పోగులకు పూత వేశాను.

జూన్ 8

సెలైన్‌లో నాలుగో రోజు. 36, 37 మొదటి రాత్రే ముడి దగ్గర విడిపోయాయి, పూత అక్కడ సరిగా అంటలేదు. 38 నిన్న పోయింది. 39, 40, 41 ఉన్నాయి. మందం 0.85, 0.84, 0.88 మి.మీ. ఉబ్బు చాలా తక్కువ.

సీసా వంటింటి గూట్లో ఉంది. అమ్మమ్మ పొద్దున పొయ్యి వెలిగించే ముందు దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తోంది. ఇవాళ నేను లేచేసరికే చూసేసింది.

"తెగినేదే. మూడూ ఉన్నాయి."

మధ్యాహ్నం 42 నుంచి 50 దాకా తీయాలి. లోపలి సూదిని మధ్యకి సర్దాలి. డిస్టిల్డ్ వాటర్ అయిపోవచ్చింది.